పుక్కిటి పురాణం

తెలుగులో ఒక చక్కని జాతీయం ఉంది: పుక్కిటి పురాణం. ఏ గ్రంథంలోనూ కనబడకుండా, ఏ ప్రమాణానికీ నిలవకుండా, ఒకరి పుక్కిట నుంచి మరొకరి పుక్కిటికి పాకే కథను అలా అంటాం. ఈ టపాకు ఆ పేరెందుకు పెట్టానో పండితమిత్రులకు వేరే చెప్పనక్కరలేదు. నేను ఖండించబోయే పురాణం అక్షరాలా పుక్కిటిదే. సీసాలోని రంగునీళ్ళను అరనిమిషం పుక్కిలించి ఉమ్మేస్తే నోటిలోని క్రిములు నూటికి తొంభై తొమ్మిదిన్నర పైచిలుకు చచ్చిపోతాయని, పళ్ళు ముత్యాలవుతాయని, ఇక తోమకపోయినా కొంపలేమీ మునగవని చెప్పే కథ అది. టెలివిజనులో తెల్లకోటు వేసుకున్న నటుడు చెప్తాడు. సంతలో మందుల దుకాణంవాడు చెప్తాడు. బడికి వచ్చి ఆరోగ్యోపన్యాసం చేసి సీసాలు చూపించే పెద్దమనుషులూ చెప్తారు. వినేవాడు నల్లగొండ జిల్లా మర్రిగూడెం దిక్కువాడైతే ఆ కథ ఖరీదు మరింత ఎక్కువ. ఎందుకో క్రమంగా మనవి చేస్తాను.

ముందు మాటల సంగతి చూద్దాం. భాష వాడికి బతుకుదెరువు కనుక నేను మాటతోనే మొదలుపెడతాను. పళ్ళమీద పేరుకునే మెత్తని జిగురు పొరను ఇంగ్లీషు వైద్యులు ప్లాక్ అంటారు. మన పత్రికలవాళ్ళు దానికి ‘దంతఫలకం’ వంటి ముతక అనువాదాలు కల్పిస్తున్నారు. అక్కరలేదు. మన అవ్వలకు తెలిసిన పేరు పాచి. దిగుడుబావి మెట్లమీద పట్టేదీ పాచే, తొట్టి గోడకు పట్టేదీ పాచే, తెల్లవారి లేచిన నోటిలో ఉండేదీ పాచే. ఈ ఒక్క మాటలో ఎంత శాస్త్రం ఇమిడి ఉన్నదో చూడండి. తడి తగిలే గట్టి ఉపరితలంమీద సూక్ష్మజీవులు గుంపుగా కాపురం పెట్టి, తమ చుట్టూ జిగురుగోడ కట్టుకొని బతికే పద్ధతిని ఆధునిక శాస్త్రజ్ఞులు బయోఫిల్మ్ అని పిలిచి, బావిమెట్టునూ నీటిగొట్టాన్నీ పంటినీ ఒకే వర్గంలో చేర్చారు. మన భాష ఆ పని ఎప్పుడో చేసింది. ఇక బావిమెట్టుమీద పాచి పోవాలంటే ఏం చేస్తాం? నీళ్ళు చల్లి ఊరుకుంటామా? కొబ్బరిపీచో చీపురో పట్టుకొని రుద్దుతాం. పల్లెలో ఏ ఇల్లాలికైనా తెలిసిన ఈ సత్యాన్ని మరిపించడానికే కోట్ల రూపాయల ప్రకటనలు అవసరమవుతున్నాయి.

ఈ సత్యం ప్రయోగపూర్వకంగా తేలి మూడు వందల నలభై ఏళ్ళు గడిచాయి. హాలెండు దేశంలో డెల్ఫ్ట్ పట్టణపు బట్టలవర్తకుడు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ తన పళ్ళసందుల నుంచి గీకిన తెల్లని పదార్థాన్ని తాను స్వయంగా నూరుకున్న కటకం కింద పెట్టి చూశాడు. కదలాడే ప్రాణులు కనిపించాయి. ఆ సంగతిని 1683లో లండన్ రాయల్ సొసైటీకి లేఖగా రాశాడు. మనుష్యుడు తన నోటి బాక్టీరియాను కళ్ళారా చూసిన తొలి సందర్భాలలో అదొకటి. ఆయన అక్కడితో ఆగలేదు. పదునైన ద్రాక్షసిర్కాను ఆ ప్రాణులమీద నేరుగా కలిపితే చస్తున్నాయి. అదే సిర్కాతో నోరు పుక్కిలించి, తరువాత పాచి గీకి చూస్తే లోపలివి నిక్షేపంగా ఈదులాడుతున్నాయి. పుక్కిలించిన సిర్కా పైపై ప్రాణులనే చంపగలిగిందని, పాచి గర్భంలోకి దిగలేకపోయిందని ఆయన తేల్చాడు. డిగ్రీ లేని బట్టలవర్తకుడు ఆనాడు గ్రహించినదాన్ని ఈనాటి తెల్లకోటు నటుడు గ్రహించడు. గ్రహిస్తే అతనికి బత్తెం దొరకదు.

ఇప్పుడు ఆ పాచి గర్భంలోకి మనం దిగుదాం. తోమిన కొద్దిసేపటికే లాలాజలంలోని ప్రోటీనులు పంటిమీద సన్నని పూతగా ఏర్పడతాయి. ఆ పూతను పట్టుకొని మొదట స్ట్రెప్టోకాకస్ జాతివి కొన్ని గుడిసెలు వేసుకుంటాయి. వాటిని పట్టుకొని మరికొన్ని, ఆ మరికొన్నింటిని పట్టుకొని ఇంకొన్ని చేరి పేట పెరుగుతుంది. స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ అనే గడుసుపిండం మనం తినే చక్కెర నుంచే జిగురు తయారుచేసి గోడలు కడుతుంది; మిగిలిన చక్కెరను పులియబెట్టి ఆమ్లం వదిలి పంటిని కరిగిస్తుంది. చిగురు అంచున గాలి ఆడని మూలల్లో పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ వంటివి చేరి చిగుళ్ళ జబ్బుకు దోహదం చేస్తాయి. మనుషుల నోళ్ళలో ఇప్పటికి గుర్తించిన బాక్టీరియా జాతులు సుమారు 700.

ఈ పేటమీదికి పుక్కిలింత మందు వచ్చినప్పుడు ఏం జరుగుతుంది? మందులలో మేటి క్లోర్‌హెక్సిడిన్‌నే తీసుకుందాం. దాని అణువుకు ధనవిద్యుదావేశం ఉంటుంది. బాక్టీరియా పైపొరకు ఋణావేశం ఉంటుంది. రెండూ అతుక్కుంటాయి, పైపొర చిల్లులు పడుతుంది, లోపలి సరుకు కారిపోతుంది, ప్రాణి చస్తుంది. బాగానే ఉంది. కానీ పాచిలోని జిగురుకూ ఋణావేశమే ఉంటుంది. మందు అణువులు వాకిట్లోనే, మొదటి వరుస ప్రాణులకూ ఆ జిగురుకూ అంటుకుపోయి ఖర్చయిపోతాయి. లోపలి వరుసకు చేరేది ఏ కొంచెమో. ఆ లోపలివి తిండి కరువై మందకొడిగా, నిద్రాణంగా ఉంటాయి. అటువంటివాటిని చంపడం మరీ కష్టం. అందుకే నీటిలో విడిగా తేలే బాక్టీరియాను చంపే మోతాదు పాచిలో కూడిన అదే బాక్టీరియాను చంపలేదు; కొన్ని సందర్భాలలో వంద రెట్లు, వెయ్యి రెట్లు గాఢత కావలసివస్తుంది. పుక్కిలింత కాలం అరనిమిషమో నిమిషమో. పైగా చచ్చినవి ఎక్కడికీ పోవు. ఆ శవాలు పాచిగోడలోనే ఉండిపోయి, రేపు పుట్టబోయేవాటికి పునాదిరాళ్ళవుతాయి.

మరి 99.9 శాతం సంగతి? ఆ లెక్క సాధారణంగా ప్రయోగశాలలో ద్రవంలో విడిగా తేలే క్రిములమీద కట్టినది. అదే నిజమని ఒప్పుకొని లెక్క వేద్దాం. నోటిలోని లాలాజలం ఒక్క మిల్లీలీటరులో సుమారు పది కోట్ల బాక్టీరియా ఉంటాయి. అందులో 99.9 శాతం చస్తే మిగిలేవి లక్ష. అవి రెండు గంటలకొకసారి రెట్టింపవుతాయనుకుందాం. పదిసార్లు రెట్టింపయితే వెయ్యి రెట్లు దాటుతుంది. అంటే ఇరవై గంటల్లో మళ్ళీ పది కోట్లు. ఇది ఏడవ తరగతి పిల్లవాడు వేయగల లెక్క. పాచిలో దాగినవి దిగివచ్చి కలిస్తే ఆ ఇరవై గంటలు కూడా పట్టదు. దశాంశబిందువు పక్కన తొమ్మిది వేసి భయపెట్టడం గణితం కాదు, గారడీ.

ఈ గారడీకి చరిత్ర ఉంది. లిస్టరిన్ 1879లో అమెరికాలో పుట్టింది. శస్త్రచికిత్సలో క్రిమినాశక పద్ధతికి ఆద్యుడైన జోసెఫ్ లిస్టర్ పేరును దానికి తగిలించారు. మొదట అది పుండ్లు కడిగే మందు. నేల తుడవడానికీ అమ్మారు. 1920లలో నోటి దుర్వాసనకు ‘హాలిటోసిస్’ అనే గంభీరమైన పేరును ప్రచారంలోకి తెచ్చి, ఆ దుర్వాసన వల్ల పెండ్లి కాని కన్యల కథలను పత్రికలలో ప్రకటనలుగా వేసి, అమ్మకాలు పెంచుకున్నారు. పడిశానికీ గొంతునొప్పికీ పనిచేస్తుందని దశాబ్దాలపాటు చెప్పారు. అది అబద్ధమని, పడిశాన్ని ఆపదని తమ ప్రకటనలలో తామే చెప్పుకోవాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆదేశిస్తే, 1977లో అప్పీలు న్యాయస్థానం ఆ ఆదేశాన్ని సమర్థించింది. పళ్ళసందులు దారంతో శుభ్రం చేయడానికి బదులు దీన్ని పుక్కిలిస్తే చాలన్న అర్థం వచ్చే ప్రకటనలు వేస్తే, 2005 జనవరిలో న్యూయార్కు ఫెడరల్ న్యాయస్థానం అవి అబద్ధమని, తప్పుదోవ పట్టించేవని తేల్చింది. ఆ వ్యాజ్యం వేసినది పళ్ళదారం అమ్మే జాన్సన్ అండ్ జాన్సన్‌కు చెందిన సంస్థ. ఆ మరుసటి ఏడాది, 2006లో, అదే జాన్సన్ అండ్ జాన్సన్ లిస్టరిన్‌తో సహా ఆ వ్యాపారాన్నంతా కొనుక్కున్నది! వ్యాపారనీతికి ఇంతకంటె ముద్దైన నీతికథ చిన్నయసూరి కూడా చెప్పలేడు.

ప్రతివాదులు ఊరుకోరు. “క్లోర్‌హెక్సిడిన్ పాచిని ఆపుతుందని శాస్త్రజ్ఞులే నిరూపించారు కదా” అంటారు. నిరూపించారు. హెరాల్డ్ లో, రిండమ్ షియట్ అనే ఇద్దరు 1970లో ప్రకటించిన ఫలితం అది. 0.2 శాతం ద్రావణాన్ని రోజుకు రెండుసార్లు పుక్కిలిస్తే, తోమకపోయినా, కొత్త పాచి పేరుకోలేదు. ఆ మందు నోటి గోడలకూ పంటికీ అంటి గంటల తరబడి కొద్దికొద్దిగా విడుదలవుతుంది కనుక ఆ శక్తి. కానీ అక్కడ మొదలుపెట్టినది శుభ్రమైన పళ్ళతో. కొత్త పాచి పుట్టకుండా ఆపడం వేరు, ముదిరిన పాచిని పెకలించడం వేరు. వాకిలి ఊడ్చిన తరువాత కళ్ళాపి చల్లితే అందం. చెత్తమీదే కళ్ళాపి చల్లితే బురద. నోటి శస్త్రచికిత్స అయినవారికి, దవడ విరిగి తోముకోలేనివారికి, మంచంపట్టినవారికి వైద్యుడు కొన్ని దినాలు, కొన్ని వారాలు రాసి ఇస్తే అది అమృతమే. నా పోరు మందుమీద కాదు, మందును నిత్యవ్రతం చేస్తున్న పురాణంమీద.

నిత్యవ్రతానికి ఫలం ఏమిటో కూడా వినండి. నాలుక రుచి మందగిస్తుంది. పళ్ళమీద గోధుమరంగు మరకలు పడతాయి. టీ, కాఫీ తాగేవారికి మరీ ఎక్కువ. ఇంకొక వింత ఉన్నది. మనం తోటకూర, పాలకూర తిన్నప్పుడు వాటిలోని నైట్రేటును నాలుకమీది కొన్ని బాక్టీరియా నైట్రైటుగా మారుస్తాయి. దాని నుంచి శరీరం తయారుచేసుకునే నైట్రిక్ ఆక్సైడు రక్తనాళాలను సడలించి రక్తపోటును అదుపులో ఉంచడానికి తోడ్పడుతుంది. 2013లో లండన్‌లో ఆరోగ్యవంతులైన 19 మందిచేత ఏడు దినాలు క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింపజేస్తే వారి రక్తపోటు రెండు మూడు పాయింట్లు పెరిగింది. చిన్న ప్రయోగమే, చిన్న పెరుగుదలే. అయినా పాఠం పెద్దది. నోటిలోని ప్రాణులన్నీ శత్రువులు కావు. ఊరినంతా తగలబెట్టి దొంగను పట్టుకున్నామని మురిసిపోయే కొత్వాలు పని మనకెందుకు?

ఇక మా గడ్డ సంగతికి వస్తాను. నా కోపానికి అసలు కారణం ఇక్కడున్నది.

పాచి కొన్ని దినాలు కదలక ఉంటే లాలాజలంలోని సున్నపు లవణాలు చేరి గట్టిపడుతుంది. దాన్ని గార అంటాం. గోడకు పూసే సున్నపు గచ్చునూ గార అనే అంటాం. ఇక్కడా మన భాష గురి తప్పలేదు. కానీ నల్లగొండలో ఈ మాట ఇంకొక దానికీ అంటుకున్నది. మునుగోడు, చండూరు, మర్రిగూడెం, నాంపల్లి మండలాలలో తరతరాలుగా పిల్లల పళ్ళమీద కనిపించే సుద్దతెలుపు మచ్చలనూ, గోధుమరంగు చారలనూ కూడా జనం గారపండ్లు అంటారు. అది పాచి గట్టిపడిన గార కాదు. పంటిపైన పట్టినదే కాదు. పన్ను దవడలో తయారవుతున్నప్పుడే, సుమారు ఎనిమిదేళ్ళలోపు వయసులో, తాగిన నీటిలోని ఫ్లోరైడు పింగాణీపొరను లోపలి నుంచి చెరిపిన గుర్తు అది. మా నేల నల్లరాతి నేల. ఆ గ్రానైటు శిలలలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు భూగర్భజలంలోకి దిగుతుంది. దక్షిణాదిలో ఈ రోగాన్ని 1937లో అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు ప్రాంతంలో గుర్తించారు. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను వర్ణిస్తూ సిద్దిఖీ అనే వైద్యుడు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రకటించాడు. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీటి నుంచి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ రూపొందిస్తే దానికి ‘నల్లగొండ పద్ధతి’ అని పేరొచ్చింది. ఆ పేరు ఆఫ్రికా దేశాల దాకా పోయింది. నీళ్ళు మాత్రం మర్రిగూడెం రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. వంకరపోయిన కాళ్ళతో జీవితమంతా ఈ నీటికోసం కొట్లాడిన శివన్నగూడెం అంశల స్వామి 2023 జనవరిలో కన్నుమూశాడు.

ఇప్పుడు కృష్ణనీళ్ళు, మిషన్ భగీరథ నీళ్ళు వచ్చాయి, మంచిదే. అయినా తన చిన్నతనంలో బోరునీళ్ళు తాగి పెరిగినవాడి పన్ను మళ్ళీ పుట్టదు. ఆ చార చచ్చేదాకా ఉంటుంది. అటువంటి పంటిని చూసి “సరిగా తోముకోవు, అందుకే గారపండ్లు” అని గద్దించేవారున్నారు. తరగతిలో పద్యం అప్పజెప్పుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ఆడపిల్లలను నేను ముప్పై ఏళ్ళు చూశాను. పద్యం కంఠస్థం, ఉచ్చారణ నిర్దుష్టం, కానీ చెయ్యి దిగదు. పెండ్లిచూపుల్లో నవ్వవద్దని తల్లి నేర్పిన పిల్లలు వాళ్ళు. ఆ సిగ్గుకు మందు అంటూ సీసా అమ్మేవాడిని ఏమనాలి? పంటి లోపలి చారమీద ఏ పుక్కిలింతా పనిచేయదు. క్లోర్‌హెక్సిడిన్ నెలల తరబడి పుక్కిలిస్తే పాత గోధుమరంగు మీద కొత్త గోధుమరంగు చేరుతుంది. కూలి డబ్బు పెట్టి మరక కొనుక్కోవడమంటే ఇదే. ఉప్పుతోనో, ఇటుకపొడితోనో ఆ చారను గీకబోతే పోయేది పింగాణీ. ఆ మచ్చలను తగ్గించే చికిత్సలు ఉన్నాయి. అవి దంతవైద్యుడి చేతిలో ఉన్నాయి, సీసాలో లేవు. నార్కట్‌పల్లిలోనూ మహబూబ్‌నగర్‌లోనూ దంతవైద్య కళాశాలలే ఉన్నాయి.

ఇంకొక ప్రమాదం సీసా వెనుక సన్నక్షరాలలో దాగి ఉంటుంది. పుక్కిలింతలలో కొన్నింటిలో సోడియం ఫ్లోరైడు ఉంటుంది. రోజువారీ వాడే 0.05 శాతం ద్రావణంలో లీటరుకు సుమారు 226 మిల్లీగ్రాముల ఫ్లోరైడు. పిల్లవాడు పది మిల్లీలీటర్లు పుక్కిలించబోయి మింగితే రెండు మిల్లీగ్రాములకు పైగా లోపలికి పోయినట్టు. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకుండా ఉండటం మంచిదని, మరో ఆధారం లేనప్పుడు ఒకటిన్నర దాటరాదని మన జాతీయ ప్రమాణం. అంటే ఒక్క గుటకలో రెండు లీటర్ల మంచినీటి వాటా! ఆరేళ్ళలోపు పిల్లలకు ఈ పుక్కిలింతలు కూడవని వైద్యలోకమే చెప్తుంది. ఫ్లోరైడు పళ్ళపొడికి నేను శత్రువును కాను. పెద్దల పంటికి పుప్పి రాకుండా అది చేసే మేలు రుజువైనది. పసివారికి బియ్యపుగింజంత, కాస్త పెద్దవారికి పెసరగింజంత అద్ది, ఉమ్మడం నేర్పితే చాలు. కానీ నీటిలోనే ఫ్లోరైడు తాగి ఎముకలు వంకరపోయిన జిల్లాలో, సీసామీద ఆ మాట తెలుగులో, పెద్దక్షరాలలో ఉండవద్దా?

ఇంతవరకు చదివి, “చూశారా, అందుకే మన పూర్వులు వేపపుల్లే చాలన్నారు” అని చప్పట్లు చరచబోయే మిత్రులు ఒక్క క్షణం ఆగండి. మీ పురాణమూ పుక్కిటిదే. వేప, కానుగ, తుమ్మపుల్లలు నమిలి కుంచె చేసి తోమితే పాచి పోతుంది. నిజం. పోయేది ముఖ్యంగా రాపిడివల్ల. ఆ చెట్టు రసంలో కొంత క్రిమిహరణశక్తి ఉన్నా, లీవెన్‌హుక్ సిర్కాకు అడ్డుపడిన జిగురుగోడ వేపరసానికీ అడ్డుపడుతుంది. బొగ్గుపొడి, కచ్చికబూడిద, ఇటుకపొడి పంటిని అరగదీస్తాయి. ఆయుర్వేదంలో గండూషం, కవళం అని రెండున్నాయి: నోరు కదలనంత నిండుగా పట్టేది గండూషం, కదిలించడానికి వీలుగా పట్టేది కవళం. ఆ గ్రంథాలు వాటిని చెప్పినవి దంతధావనానికి బదులుగా కాదు, దానితోపాటు. దంతకాష్ఠాన్ని వేరుగా విధించి మరీ చెప్పాయి. నువ్వులనూనె పుక్కిలిస్తే సర్వరోగాలూ పోతాయని ప్రచారం చేసేవారు ఆ పేజీ చదివినట్టు లేరు. పుక్కిలి పట్టేది విదేశీ సీసా అయితే తప్పు, స్వదేశీ నూనె అయితే ఒప్పు కాదు. పాచికి దేశభక్తి లేదు.

పనిలో పనిగా ఇంకొక అపోహ. గార తీయిస్తే పళ్ళు కదులుతాయని మా ఊళ్ళలో పెద్ద నమ్మకం. గట్టిపడిన గార బ్రష్షుకూ రాదు, పుల్లకూ రాదు, పుక్కిలింతకు అసలే రాదు. వైద్యుడు పరికరంతో గీకవలసిందే. అప్పటికే గార కింద చిగురు, ఎముక తరిగిపోయి ఉంటే, గార తీశాక ఆ వదులు బయటపడుతుంది. వదులు చేసినది తీసిన చెయ్యి కాదు, తీయించకుండా గడిపిన ఏళ్ళు.

కనుక నేను కోరేది స్వల్పం. పుక్కిలింత సీసాలమీద తెలుగులో, తెలుగువాడు చదవగలిగే పరిమాణంలో, మూడు వాక్యాలు అచ్చువేయించాలి: ఇది తోమడానికి బదులు కాదు, ఫ్లోరైడు ఇంత ఉన్నది, ఇన్ని దినాలకు మించి వాడరాదు. బడులలో ఆరోగ్యపాఠం చెప్పేవారు ముందు పాచి, గార, ఫ్లోరైడు చార అనే మూడింటి భేదం చెప్పాలి. మొదటిదాన్ని మనమే తోముకోవాలి. రెండవదాన్ని వైద్యుడు తీయాలి. మూడవది ఆ పిల్ల తప్పు కాదు. ఈ మూడు మాటలు చెప్పడానికి సీసా అక్కరలేదు, తెల్లకోటు అక్కరలేదు.

మిత్రులలో వైద్యులున్నారు, రసాయనశాస్త్రం చదివినవారున్నారు. నా లెక్కలో తప్పుంటే వ్యాఖ్యలో నిర్మొహమాటంగా రాయండి. నల్లగొండ, పాలమూరు జిల్లాల ఉపాధ్యాయమిత్రులెవరైనా ఇది చదివితే మాత్రం ఒక్క మనవి. రేపు మీ తరగతిలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని పద్యం చదివే పిల్ల కనిపిస్తే, “పండ్లు తోముకున్నవా బిడ్డా” అని అడగకండి. పద్యం బాగా చదివావని చెప్పండి.